పొడి, ముక్క, పెచ్చు

నాచారం చెరువు దిక్కు గల్లీలల్ల సాలమ్మ ఇల్లెక్కడ అని అడిగితే నలుగురు సాలమ్మల ఇండ్లు చూపిస్తరు. తుపాకుల సాలమ్మ అని అడుగుండ్రి, సక్కగ తీస్కపోయి గడప ముందు నిలబెడ్తరు. పేరు విని ఉలిక్కిపడకుండ్రి. ఆమె జిందగీల ఒక్కనాడు తుపాకి ముట్టుకోలె. తుపాకి పట్టుకున్నోళ్లను యాడ నిలబెట్టాల్నో చెప్పుడే ఆమె పని. కార్లల్ల దిగే పెద్దమనుషులు, నల్లద్దాలు పెట్టుకున్నోళ్లు, ఇంట్ల పెండ్లాం మాట విననోళ్లు గూడ, సాలమ్మ "ఎనక్కి జరుగుండ్రి" అంటే కిక్కురుమనకుండ ఎనక్కి జరిగేటోళ్లు.

ఆలేరు కాడి పల్లె నుంచి పెనిమిటి ఎంబడి వచ్చి, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల ఒక రేకుల షెడ్డుల పనికి కుదిరింది సాలమ్మ. ఆ షెడ్డుల చేసేది మట్టి బిళ్లలు. పేరుకే మట్టి. సున్నపురాయి పొడి, డాంబరు కలిపి వేడి చేసి, అచ్చుల పోసి తీస్తే సాసరంత బిళ్ల అయితది. దాన్ని గాలిల ఎగరేసి తుపాకితోని పేలుస్తరు. గా ముచ్చట మొదటిసారి విన్ననాడు సాలమ్మ నోరెళ్లబెట్టింది. "అయ్యో, పగలగొట్టనీకేనా గింత కష్టపడి చేసుడు?" అన్నది. అయినా పని పనే గదా. ఒక్కొక్క బిళ్లను గోరుతోని కొట్టి, చప్పుడు విని, గట్టిది ఒక దిక్కు, పగులున్నది ఒక దిక్కు పెట్టేది. ఐదేండ్లల్ల ఎన్ని వేల బిళ్లలు ఆమె చేతుల మీదికెళ్లి పోయినయో! బిళ్ల ఎట్ల పుడ్తదో, యాడ దెబ్బ తగిలితే ఎట్ల పగుల్తదో ఆమెకు తెలిసినట్టు ఇంకెవ్వరికి తెల్వదు.

నాగారం దాటి కీసర దిక్కు పోతుంటే రోడ్డుకు దూరంగ ఒక పాత కంకర క్వారీ ఉండె. ఉప్పల్, నాచారం, మల్కాజిగిరి వాళ్లు కొందరు కూడి అందుల షూటింగ్ క్లబ్బు పెట్టుకున్నరు. రెండువేల మూడుల ఒక ఆదివారం సాలమ్మ బిళ్లల డబ్బాలు ఆటోల ఏసుకొని అక్కడికి పోయింది. ఆ దినం స్కోరు రాసేటోడు రాలె. క్లబ్బు సెక్రటరీ చలపతిరావు గడియారం చూసుకుంట చిటపటలాడుతున్నడు. గుంటూరు దిక్కు మనిషి, రిటైరైన ఇంజినీరు. ఆయన షర్టు మడత నలగంగ ఎవ్వరూ చూడలె.

"అమ్మా, బిళ్ల పగిలితే గీత, పగలకపోతే సున్నా. రాయగలవా?" అన్నడు.

"గీతలు, సున్నలు రాయనీకి గూడ బడికి పోవాల్నా సార్?" అన్నది సాలమ్మ.

చలపతిరావు నవ్విండు. ఆయన నవ్వుడు ఎంత అరుదో ఆమెకు తర్వాత తెలిసింది. పుస్తకం ఆమె చేతిల పెట్టిండు. ఆ పుస్తకం ఇగ ఆమె చెయ్యి ఇడువలె.

ఆట గురించి జర చెప్పుకోవాలె. ముందట ఒక గుంత, అందుల మిషను. నిలబడ్డాయన "పుల్" అని ఒర్రంగనే మిషను బిళ్లను దూరంగ ఇసిరికొడ్తది, ఒకపారి ఎడమకు, ఒకపారి కుడికి. రెండు కండ్లు తెరిచే ఉంచి, రెప్పపాటుల కొట్టాలె. గుంత ఎనక నేల మీద సున్నంతోని గీతలు. మొదటి గీత పదహారు గజాల కాడ, ఆఖరుది ఇరవై ఏడు గజాల కాడ. నేర్చుకునేటోడు పదహారు మీద నిలబడాలె. ఎంత మంచిగ కొడితే అంత ఎనక్కి పోవాలె. గట్లయితేనే నిన్న వచ్చినోడు, ఇరవై ఏండ్ల సంది కొట్టేటోడు ఒక్క కప్పు కోసం సమానంగ కొట్లాడొచ్చు. మూడు నెలలకోపారి స్కోర్లు చూసి ఏ, బీ, సీ గ్రేడులేసి, ఎవరు ఏ గీత మీదనో తేలుస్తరు. గాడనే వస్తది కిరికిరి. బయట ప్రతి మనిషి నేను గొప్పోణ్ని అంటడు. గీడికొచ్చి నాకేం రాదు సారూ, నన్ను ముందటనే ఉంచుండ్రి అని ఏడుస్తడు!

సాలమ్మకు ఉత్త గీత సాలలె. బిళ్ల నడుమ దెబ్బ తగిలితే నల్లపొడి అయ్యి గాలిల కలుస్తది. జర పక్కకు తగిలితే రెండు మూడు ముక్కలైతది. అంచుకు తగిలితే ఒక పెచ్చు లేచి మిగిలింది గట్లనే పోయి రాళ్ల మీద పడ్తది. మూడింటికీ స్కోరు ఒక్కటే. సాలమ్మ పుస్తకంల మాత్రం వేరు వేరు. పొడి అయితే గీత పక్కన చుక్క, ముక్కలైతే ఉత్త గీత, పెచ్చయితే వంకర గీత. రాయమని ఎవరూ చెప్పలె. ఆమె చేతుల పుట్టిన బిళ్లలు, ఎట్ల సచ్చినయో రాయకుంటే ఆమెకే మనసున పట్టలె.

నాలుగేండ్లకు రంజిత్ వచ్చిండు. ఉప్పల్ల ప్లాట్లమ్మే మనిషి, మాటలు మస్తు జెప్తడు. మూడు నెలలు ఇరవై ఐదుకు పదహారే కొట్టిండు. కప్పు పోటీ వారం ఉందనంగ సాలమ్మ ఆయన పేరు ముందర ఇరవై రెండు గజాలని రాసింది. రంజిత్ అంతెత్తు లేసిండు.

"ఏందక్కా గిది? పదహారు కొట్టెటోణ్ని గంత ఎనక్కి పంపుతవా?"

"పదహారు కొట్టినవు బిడ్డా. పదహారుకు పదహారూ పొడి అయినయి. రానోడు కొడితే పెచ్చులు లేస్తయి, ముక్కలైతయి, ఎప్పుడో ఒకటి పొడి అయితది. నువ్వు కొడితే పొడి, లేకుంటే ఉత్త ఆకాశం. నడుమ ఏం లేదు. గా తొమ్మిది నువ్వు కొట్టరాక ఇడిసినవా, కొట్టొద్దని ఇడిసినవా?"

అందరూ రంజిత్ మొఖం చూసిన్రు. ఆయన ఇగ ఆగలేక పకపక నవ్విండు. "దొరికిపోయిన" అన్నడు. చలపతిరావు నవ్వలె. లేసి నిలబడి, "ఇవాళ్టి నుంచి ఎవరి గీత ఎక్కడో సాలమ్మ చెబుతుంది. ఆవిడ మాటకు అప్పీలు లేదు. నాకైనా సరే" అన్నడు.

ఆ మాట అనే హక్కు ఆయనకుండె. ఇరవై ఏడు గజాల గీత మీద నిలబడేటోడు క్లబ్బు మొత్తంల ఆయనొక్కడే. తొమ్మిదేండ్లు ఆ గీత ఆయనదే. ఆయన కొట్టిన పేజీల చుక్కలే చుక్కలు. ఆయన వంతు వస్తే సాలమ్మ చాయ్ పక్కన పెట్టి మరీ చూసేది.

రెండువేల పదమూడు, వానలు పోయినంక, ఆ పేజీల వంకర గీతలు మొదలైనయి.

స్కోరు తగ్గలె. ఇరవై ఒకటి, ఇరవై రెండు, గట్లనే కొడుతున్నడు. స్కోరు చూసేటోళ్లకు చలపతిరావు చలపతిరావే. కానీ ఇరవై రెండుల పద్నాలుగు పెచ్చులే. అన్ని పెచ్చులు బిళ్ల ఎడమ అంచు నుంచే లేస్తున్నయి. సాలమ్మ మొదలు బిళ్లల మీద అనుమానపడ్డది. ఒక డబ్బా మొత్తం గోరుతోని కొట్టి చూసింది, బిళ్లలు మంచిగనే ఉన్నయి. ఒకనాడు చాయ్ గిలాసిస్తే ఆయన వేళ్లు గిలాస పక్కకు పోయి, మళ్ల తడుముకొని దొరకవట్టినయి.

ఒక మంగళవారం ఉప్పల్ రింగురోడ్డు కాడ బస్సు కోసం నిలబడి, క్లబ్బుల కొత్తోళ్లకు ఏ కన్ను గురి చూస్తదో తేల్చేటట్టు, కొత్తగ కడుతున్న మెట్రో పిల్లరుకు సూటిగ వేలు పెట్టింది. ఎడమ కన్ను మూసింది. వేలు ఉన్నకాడనే ఉన్నది. కుడి కన్ను మూసింది. వేలు పిల్లరు మీదికెళ్లి తప్పి పక్కకు జరిగింది. మళ్ల పిల్లరు మీదికి తేవాలంటే చెయ్యి ఎడమకు జరపాల్సి వచ్చింది. కుడి భుజాన తుపాకి పెట్టి ఎడమ కన్నుతోని గురి చూస్తే, గొట్టం గూడ గట్లనే ఎడమకు జరుగుతది. మళ్లొకపారి చేసింది, మళ్లొకపారి. పక్కన నిలబడ్డ ముసలాయన తనకే కన్ను కొడుతున్నదనుకొని మొఖం తిప్పుకున్నడు. సాలమ్మకు ఆయన సోయి లేదు. సార్ కుడి కన్ను పోయింది, ఎడమ కన్నుతోనే కొడుతున్నడు, ఆ సంగతి ఆయనకే తెల్వదు అని అర్థమై అక్కడనే ఫుట్‌పాత్ మీద కూసున్నది. రెండు బస్సులు పోయినయి.

ఇగ ఆ వారమంతా ఆమెకు ఒక్కటే లెక్క. ఫిబ్రవరిల కప్పు పోటీ. ఇరవై రెండు కొట్టే మనిషిని ముందటి గీతకు తెస్తే ఏమంటరు? సెక్రటరీకి కప్పు కట్టబెడుతున్నదంటరు. పదేండ్లల్ల ఒక్కరు కూడ అనుమానపడని మాట గంగల కలుస్తది. చలపతిరావా, ముందుకు రమ్మంటే చెంపదెబ్బ తిన్నట్టు చూస్తడు. చెప్పకపోతే? ఉన్న కన్ను ఏమైతదో ఎవరికి తెల్సు? చేతుల తుపాకి ఉన్న మనిషాయె.

ఆదివారం రానే వచ్చింది. అందరి గీతలు చదివి, ఆఖరుకు, "చలపతిరావు సార్, ఇరవై" అన్నది.

"పోయిన వారం ఇరవై రెండు కొట్టాను సాలమ్మా" అన్నడు చలపతిరావు, ఆమె తప్పు చదివిందనుకొని.

"తెలుసు సార్. మీ గీత ఇరవై గజాలే."

"గిదేం న్యాయమక్కా?" అన్నడు రంజిత్. "నన్నేమో ఎనక్కి నూకుతివి. సార్‌కేమో కప్పు ఇంటికే పంపరాదూ!"

గా మాట వస్తదని ఆమెకు ముందే తెలుసు. తెలిసినా కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

చలపతిరావు మొఖం ఎర్రగయింది. "బయటేమో ఆంధ్రావాళ్లు వెళ్లిపోండి అంటున్నారు. ఇక్కడ నువ్వేమో ముందుకు రండి అంటున్నావు. నాకెవరి దయా అక్కర్లేదు. ఆ పుస్తకం ఇలా ఇచ్చెయ్" అని చెయ్యి చాపిండు.

సాలమ్మ పుస్తకం బల్ల మీద పెట్టింది. "తీసుకోండ్రి సార్. తీసుకునే ముందల ఎడమ కన్నుకు గుడ్డ కట్టుకొని ఐదు బిళ్లలు కొట్టుండ్రి. ఐదుల రెండు పగిలినా నేను మళ్ల ఈ గేటు తొక్క."

పౌరుషం గల మనిషి గదా, వెనకాడుతడా? జేబురుమాలు ఎడమ కన్నుకు కట్టుకున్నడు. ఇరవై ఏడు గజాల గీత మీద నిలబడి తుపాకి భుజానికెత్తిండు. "మబ్బు పట్టినట్టుందే" అన్నడు. ఎండ ఫెళ్లున కాస్తున్నది. సాలమ్మ మిషను బటన్ తనే చేతులకు తీసుకున్నది.

"పుల్!"

బిళ్ల లేసింది. క్వారీ దాటి పోయి రాళ్ల మీద పడి టప్పున పగిలింది. తుపాకి గొట్టం ఇంచు గూడ కదల్లె.

"పుల్!"

రెండో బిళ్ల కూడ పోయింది. చలపతిరావు గట్లనే నిలబడి ఉన్నడు. జరసేపటికి విసుగ్గా తల తిప్పి, "బిళ్ల వెయ్యరేం? మిషనుకేమైంది?" అన్నడు.

రంజిత్ నెత్తి మీది టోపీ తీసి చేతుల పట్టుకున్నడు.

"రెండు పోయినయి సార్" అన్నది సాలమ్మ. అని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది.

చలపతిరావు తుపాకి గొట్టం కిందికి వంచి తూటా బయటికి తీసిండు. రుమాలు విప్పి మడతేసి జేబుల పెట్టుకున్నడు.

"ఎన్నాళ్ల నుంచి తెలుసు నీకు?"

"రెండు నెలల సంది పెచ్చులు లేస్తున్నయి సార్. కన్ను అని మొన్న మంగళవారమే తెలిసింది."

"నాకు తెలియలేదే" అన్నడు చలపతిరావు, మెల్లగ. ఆ మాట ఆయన నోట్లకెళ్లి వినుడే సాలమ్మకు అన్నిటికంటే కష్టమనిపించింది.

తెల్లారే దవాఖానకు పోయిండు. కుడి కంటి నరం ఎండిపోయిందంట, ఇగ చూపు రాదు. ఎడమ కంటికి కూడ అదే రోగం తగులుకుంటున్నది, టైముకొచ్చిన్రు గనక మందుతోని నిలబడ్తదన్నరు. ఈ ముచ్చట ఆయన భార్య త్రిపురసుందరి ఫోన్ల చెప్పింది. "ఎవరు పంపారని డాక్టరుగారు అడిగితే, మా గ్రేడింగ్ ఆఫీసరు అన్నారమ్మా" అని చెప్పుకుంట చెప్పుకుంట ఏడ్చేసింది. ఆ సాయంత్రం రంజిత్ నాచారం గల్లీల కారు పట్టక, నడుచుకుంట సాలమ్మ ఇంటికొచ్చిండు. "తప్పయింది అక్కా" అన్నడు. "చాయ్ తాగిపో" అన్నది సాలమ్మ.

కప్పు పోటీకి చలపతిరావు రాలె. జూన్ మొదటి ఆదివారం వచ్చిండు. మరుసటి దినం నుంచి కొత్త రాష్ట్రం. ఉప్పల్ల అప్పటికే పటాకులు పేలుతున్నయి. తుపాకి పట్టొచ్చని డాక్టరు రాసిచ్చిన కాయితం బల్ల మీద పెట్టి, తుపాకి ఎడమ భుజానికి ఆనించుకున్నడు. డెబ్బై ఏండ్ల వయసుల ఎడమచేతి వాటం! ఇంట్ల అద్దం ముందర మూడు నెలలు ఉత్త తుపాకి ఎత్తి దించిండంట.

"సాలమ్మా, నన్నెటు పంపుతావు? ముందుకా, వెనక్కా?"

"పదహారు సార్" అన్నది సాలమ్మ, ఒక్క క్షణం ఆగకుండ.

ఇరవై ఏడు గీత దాటి, ఇరవై దాటి, కొత్తోళ్లు నిలబడేకాడికి నడిచిండు చలపతిరావు. అందరూ పక్కకు జరిగి దారిచ్చిన్రు. పన్నెండు బిళ్లలు వరసగ సున్నా. సాలమ్మ పన్నెండు సున్నలు రాసింది. పదమూడో బిళ్లకు ఏదో చిన్నగ లేసింది.

"పొడి సార్! పొడి!" అని రంజిత్ ఎగిరిండు. అందరూ చప్పట్లు కొట్టిన్రు.

చలపతిరావు వాళ్ల దిక్కు చూడలె. సాలమ్మ దిక్కు తిరిగిండు. "ఏం రాశావు?"

"పెచ్చు సార్."

"కొట్టడం రానివాడి పెచ్చేనా?"

"అవును సార్. రానోడి పెచ్చే."

చలపతిరావు క్వారీ మారుమోగంగ నవ్విండు. నవ్వి నవ్వి, కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. "అయితే సీ గ్రేడు రాసుకో" అన్నడు.

"ఎప్పుడో రాసిన" అన్నది సాలమ్మ. "పద్నాలుగోది పిలువుండ్రి సార్."