లూర్దమ్మ రక్త పరీక్ష

నాచారంలో ఫ్యాక్టరీల వెనక రెండు గదుల ఇంట్లో లూర్దమ్మ కొడుకు రవి కుమార్‌తో, కోడలు మరియాతో కలిసి ఉండేది. భర్త పోయాక జనగామ దగ్గరి పల్లె నుంచి ఒక్కగానొక్క కొడుకును వెంటబెట్టుకొని వచ్చిన మనిషి. ఓ మందుల కంపెనీలో ఏళ్ల తరబడి సీసాలు కడిగి వాణ్ని పెంచింది. మోకాళ్లు మొరాయించాక ఇంటిపట్టునే ఉండి మనవరాలు కెజియాను చూసుకునేది. మాట కరుకు. ప్రార్థన మాత్రం ఒక్క పూట కూడా తప్పేది కాదు.

మరియా రెడీమేడ్ బట్టల యూనిట్‌లో చెకింగ్ పని చేసేది. కెజియా పుట్టినప్పుడు కాన్పు తేలిగ్గానే అయింది. రెండోసారి ఏడో నెలలో బిడ్డ కదలడం ఆగిపోయింది. పెద్ద దవాఖానాలో కాన్పు చేశారు. మగపిల్లవాడు. ఒళ్లంతా నీరు పట్టి ఉబ్బిపోయి ఉన్నాడు. రవి ఆ బిడ్డను తెల్లగుడ్డలో చుట్టుకొని ఉప్పల్‌లోని సమాధుల తోటకు తీసుకుపోయాడు. పాస్టరు గారు ప్రార్థన చేసేటప్పుడు తల్లి ఇంకా దవాఖానా మంచం మీదే ఉంది.

ఇంటికొచ్చిన కోడలికి లూర్దమ్మ వేడినీళ్లు పోసింది, పథ్యం వండిపెట్టింది. అన్నం వడ్డిస్తూనే ఒకరోజు అనేసింది.

"నీ కడుపుల ఏదో దోషమున్నది బిడ్డా. దేవుని ముందట ఒప్పుకో."

మరియా చేయి కడుక్కొని లేచిపోయింది. ఆ తర్వాత అత్తాకోడళ్ల మధ్య అవసరమైన మాటలే మిగిలాయి.

నెల తిరిగాక రవి భార్యను ఏఎస్ రావు నగర్‌లో డాక్టర్ స్వర్ణలత దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ ఇద్దరికీ రక్త పరీక్షలు చేయించి, కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. మన ఒంట్లో ఒక కాపలా ఉంటుంది. లోపలికి వచ్చింది తనది కాదనిపిస్తే దాన్ని చంపే పదార్థాలు తయారుచేస్తుంది. ఒకసారి చూసినదాన్ని మరిచిపోదు. మళ్లీ వస్తే ఇంకా తొందరగా, ఇంకా బలంగా మీద పడుతుంది. పిల్లలకు వేయించే టీకాలు పనిచేసేది ఆ జ్ఞాపకం వల్లే. మరియా రక్తం నెగెటివ్, రవిది పాజిటివ్. కెజియాకు తండ్రి గుణం వచ్చింది. కాన్పులో ఆ బిడ్డ రక్తం కొంచెం తల్లి రక్తంలో కలిసింది. మరియా ఒళ్లు దాన్ని పరాయిదనుకుంది. అప్పటికే బయటికి వచ్చేసింది కాబట్టి కెజియాకు ఏమీ కాలేదు. రెండో బిడ్డదీ పాజిటివ్ రక్తమే. తల్లి ఒంట్లోని ఆ పదార్థాలు కడుపులోని మాయ దాటి పోయి వాడి రక్తకణాలను నాశనం చేశాయి. మొదటి కాన్పు అవగానే ఒక ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే తల్లి ఒంటికి ఆ గుర్తు పడకుండా పోయేది. కెజియా పుట్టిన చిన్న నర్సింగ్ హోమ్‌లో ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు ఇచ్చినా ఉపయోగం లేదు.

మరియా అడిగింది.

"అంటే నా ఒళ్లే నా కొడుకును సంపిందా మేడం?"

"నీ కొడుకని దానికి తెల్వదమ్మా. నిన్ను కాపాడుతున్న అనుకున్నది."

ఇంటికి వచ్చాక రవి ఇదంతా తల్లికి చెప్పాడు. చిక్కుడుకాయలు తుంచుతున్న లూర్దమ్మ చేతులు ఆగిపోయాయి. ఇట్లాంటి పిల్లలు పుట్టాక పచ్చబడి చనిపోతారా అని అడిగింది. ఎందుకడుగుతున్నావన్నాడు రవి. అప్పుడు చెప్పింది. రవి తర్వాత తనకు ఇంకో ఇద్దరు పుట్టారు. ఆడపిల్ల పుట్టిన మర్నాటికే పసుపు ముద్దలా అయ్యి పోయింది. ఆ తర్వాతి వాడు కడుపులోనే చనిపోయాడు. ఊళ్లో ఎవరూ ఆమెను తమ బాలింతల దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఈ సంగతి కొడుక్కు ఏనాడూ చెప్పలేదు.

ఆమె కోడలి వైపు తిరిగింది.

"మా అత్త నన్నన్న మాటనే నేను నిన్నన్న మరియా. ఆ మాట ఎట్లుంటదో ఎరికుండి గూడ అన్న."

మర్నాడు మరియా పనికి సెలవు పెట్టి, అత్తను ఆటో ఎక్కించుకొని స్వర్ణలత దగ్గరికి తీసుకెళ్లింది. లూర్దమ్మ రక్తమూ నెగెటివే. ఆ రోజుల్లో ఎవరూ పరీక్షించలేదు కాబట్టి గట్టిగా చెప్పలేననీ, ఆ పిల్లలు పోయింది మాత్రం ఇందువల్లే అయి ఉంటుందనీ డాక్టర్ అంది. మరో సంగతి కూడా చెప్పింది. తల్లి నెగెటివ్ అంటే, పైకి పాజిటివ్‌గా కనిపించినా రవిలో సగం పాలు ఆ తల్లి గుణమే. అతనికి పుట్టే బిడ్డకు అది వస్తే మరియా ఒళ్లు ఆ బిడ్డ జోలికి పోదు. వస్తుందో రాదో చెప్పలేం. రెండింటికీ సమానంగా అవకాశం ఉంది.

ధైర్యం కూడగట్టుకోవడానికి మరియాకు చాలా కాలం పట్టింది. మళ్లీ కడుపు పండినప్పుడు వారం వారం స్కానింగ్‌కు వెళ్లేది. బిడ్డ రక్తం తగ్గుతోందేమోనని డాక్టర్లు చూసేవారు. తోడుగా లూర్దమ్మ వెళ్లేది; మోకాళ్ల నొప్పితో మెట్లెక్కి, బయట బెంచీ మీద కూర్చునేది. ఇద్దరూ ఎక్కువగా మాట్లాడుకునేవారు కాదు. పిలుపు వచ్చినప్పుడు మాత్రం మరియా తన చేతిసంచి అత్త ఒళ్లో పెట్టి లోపలికి వెళ్లేది.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. నెగెటివ్. నానమ్మ రక్తమే వచ్చిందని నర్సు చెబితే లూర్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది.

బాలింతకు నెల వెళ్లాక ఒక ఆదివారం లూర్దమ్మ ఆరాధన మానుకొని, కొడుకుతో ఉప్పల్‌లో జనగామ బస్సెక్కింది. ఊరి బయట తన పిల్లలిద్దరినీ పెట్టిన చోటు ఇప్పుడు పత్తి చేను. ఎక్కడో గుర్తుపట్టలేకపోయింది. రవి గట్టు మీద తువ్వాలు పరిస్తే కూర్చుంది. ప్రార్థన చేస్తుందేమోనని అతను ఎదురుచూశాడు. ఆమె ప్రార్థన చేయలేదు. చాలాసేపు చేను వైపు చూసి, "నా తప్పు గాదంట బిడ్డా," అని నెమ్మదిగా అంది. అది తనతో అన్నదో, ఆ మట్టిలోని పిల్లలతో అన్నదో రవికి తెలియలేదు. పక్కన కూర్చొని తల్లి చేయి పట్టుకున్నాడు.