నవ్వినోల్ల యాస

తెలుగు స్వచ్ఛతకు రేయింబవళ్లు కాపలా కాస్తున్న పెద్దలందరికీ సాష్టాంగపడి క్షమాపణలు చెప్పుకుంటున్నాను. ఈ కింద కొన్నిచోట్ల మీ చెవులకు నొప్పి కలగవచ్చు. ఆ మాటలన్న మనిషి మొన్న సోమవారం విజయనగరంలో, కొడుకు అపార్టుమెంటులో చనిపోయింది. ఇక ఆవిడ వల్ల మీకు ఏ ఇబ్బందీ ఉండదు.

ఆవిడ మా పెద్దమ్మ, అమ్మకు అక్క. కోటబొమ్మాళి వీధుల్లో గంపతో చేపలమ్మి కొడుకును ఇంజనీరును చేసింది. చేప మొప్ప ఎత్తి చూసి మూతి విరిచిన ఇల్లాలితో, "నీ మొగుడికన్నా తాజాగున్నాది, పట్టుకెల్లు" అనేది. తిట్టుకుంటూనే కొనేవారు.

మనిషికో యాస ఎలా వస్తుందని డిగ్రీ చదివేటప్పుడు ఆవిడనే అడిగాను. మా లెక్చరరు నదులూ కొండలూ అని ఏదో చెప్పారు మరి. పెద్దమ్మ పుట్టిల్లు ఒడిశా అంచున. కొత్తకోడలిగా ఏం మాట్లాడినా అత్తవారింట్లో నవ్వేవారట. ఏడాదిలో మాట మార్చుకుని పుట్టింటికి వెళ్తే, అక్కడా నవ్వారట.

"యాసంటే ఏటనుకున్నావు? నవ్వినోల్ల మాటే మనకి అంటుకుంటాది" అంది.

తర్వాత మనవరాలిని చూసుకోమని అన్నయ్య, అంటే ఆవిడ కొడుకు, విజయనగరం తీసుకెళ్లాడు. పిల్లకు పెద్ద స్కూల్లో సీటు కోసం ఇంటర్వ్యూ ఉంది. ఒకరోజు ఆ పిల్ల వాళ్ల నాన్నను "ఏటి సేస్తన్నావు?" అని అడిగింది. అన్నయ్య కోప్పడలేదు. పాప ముందు మాట్లాడవద్దని తల్లికి చాలా మర్యాదగా చెప్పాడు. ఆవిడ మానేసింది. అన్నం పెట్టడం, జడ వేయడం, జోకొట్టడం, అన్నీ మాట లేకుండానే. సీటు వచ్చింది. ఇక మాట్లాడవచ్చని ఆవిడకు చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

నేను వెళ్లినప్పుడు వంటింట్లోకి లాక్కెళ్లి గుసగుసగా అంది: "ఈల్లు నవ్వర్రా. నవ్వితే ఏదో ఒకటి నేర్సుకుందును."

శవాన్ని ఊరికి తెచ్చారు. మావాళ్లలో పోయిన మనిషి కథంతా చెబుతూ ఆడవాళ్లు రాగం తీసి ఏడుస్తారు. ఆ ఏడుపు లేకుండా ఎవరినీ లేవదీయరు. అంతలో అన్నయ్య ఆఫీసువాళ్లు కార్లు దిగారు. కాస్త మెల్లగా ఏడవమని అన్నయ్య చేతులు జోడించాడు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అపార్టుమెంటులోని ఆ మౌనం పెద్దమ్మతో పాటు బండెక్కి ఊరిదాకా వచ్చేసింది.

నేను అన్నయ్యను నిలదీయలేదు. ధర్మోపన్యాసమూ ఇవ్వలేదు. చేసింది ఒక్కటే. మావాళ్లలో మగవాడు రాగం తీయడు. నేను తీశాను.

"ఎంత పని చేశావే, పెద్దమ్మా..."

నా కాలేజీ చదువంతా ఆ ఒక్క ముక్కలో బయటపడింది. శవం తలదగ్గరున్న ముసలమ్మ కొంగు చాటున కిసుక్కున నవ్వింది. ఆ పక్కనున్నవాళ్లూ నవ్వారు.

మళ్లీ ఎత్తుకున్నాను.

"ఎంత పని సేసినావే..."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే నోట్లోంచి కొంగు తీశారు.