లేచిన ప్రతిసారీ పోయే లేబుల్

పెట్టె అడుగున నాలుగు మరలు. మూడు ఊడొచ్చాయి, నాలుగోది మొరాయించింది. పెద్దక్క స్క్రూడ్రైవర్ మీద అరచేతి బలమంతా మోపి తిప్పుతోంది. పక్కన స్టూలు మీద ఆమె ఆడపడుచు గడియారం చూసుకుంటూ కూర్చుంది. ఆడపడుచు ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో టెక్నీషియను.

"వదినా, రెండుంబావు."

"గడియారం నాకూ కనబడుతోంది. కాస్త ఊరుకో."

వర్క్‌షాపులో అందరికీ ఆమె పెద్దక్కే. పెళ్ళయిన కొత్తలో భర్త రేడియోలు బాగుచేస్తుంటే పక్కన టార్చి పట్టుకుని నిలబడేది. ఆయన కళ్ళు మసకబారాక పని ఆమె చేతికొచ్చింది. రేడియోలు పోయి టీవీలొచ్చాయి, టీవీలు పోయి ఈ చిన్న కంప్యూటర్ పెట్టెలొచ్చాయి. ఏ కాలేజీ గడపా తొక్కలేదు. మాన్యువల్ చదివేటప్పుడు వేలు పెట్టి ఒక్కో లైనూ చదువుతుంది. అర్థంకాని చోట పెన్సిలు చుక్క పెడుతుంది. అర్థమయ్యాకే చుక్క చెరుపుతుంది.

ఈ పెట్టె రక్తం దాచే ఫ్రిజ్‌కి కాపలా. లోపల వేడి ఆరు డిగ్రీలు దాటితే మోగాలి. వారం కిందట ఆమే బిగించి వచ్చింది. ఆ ఆసుపత్రికి ఈ పెట్టె పనికొస్తుందని సంతకం పెట్టింది ఆడపడుచు. ఈ ఉదయం గంటసేపు కరెంటు పోయి వచ్చింది. పెట్టె లేచింది, తెర మీద నాలుగు డిగ్రీలని చూపించింది. ఫ్రిజ్ మోటారు మాత్రం లేవలేదు. ఆడపడుచు రక్తం సంచీ ఒకటి తీస్తే చల్లదనం తక్కువనిపించింది. గాజు థర్మామీటరు చూస్తే ఎనిమిది; పది దాటితే రక్తం పనికిరాదు. ముప్ఫైరెండు సంచుల్నీ ఐస్ పెట్టెల్లోకి మార్చి, మోటారు మళ్ళీ వేయించి, కాపలా పెట్టెను ఊడదీసి ఆటోలో తెచ్చింది. ఐస్ పెట్టెల్లో సంచులు సాయంత్రం ఐదింటి దాకే. అలారం లేని ఫ్రిజ్‌లో రక్తం పెట్టకూడదని ఆసుపత్రి నియమం. ఐదు దాటితే అన్నీ పారబోయాలి. రేపు పొద్దున రెండు ఆపరేషన్లున్నాయి.

"దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారు. నీ కుక్క అసలు మొరగనే లేదు," అంది ఆడపడుచు.

పెద్దక్క మర మీద ఇంకాస్త బలం మోపింది. నాలుగో మర ఊడింది. తన కంప్యూటరుకు తీగ తగిలించి పెట్టెను లేపి, జరిగినవన్నీ రాసుకునే చిట్టా తెరిచింది. అందులో ఒక లైను దగ్గర వేలు ఆపింది.

పెట్టెలో ప్రతి ప్రోగ్రాముకూ ప్రతి ఫైలుకూ ఒక లేబుల్ ఉంటుంది. ఏ లేబుల్ ప్రోగ్రాము ఏ లేబుల్ ఫైలును ముట్టుకోవచ్చో నియమాలు రాసి ఉంటాయి. ఎంత పెద్ద అధికారమున్న ప్రోగ్రామైనా నియమం లేకపోతే పెట్టెలోని భద్రతా వ్యవస్థ, అదే కావలి, ఆపేస్తుంది. చిట్టాలో అదే ఉంది: అలారం ప్రోగ్రాము వేడి అంకె ఉండే సెన్సార్ ఫైలు చదవబోయింది. ఆ ఫైలు మీద సెన్సార్ లేబుల్ లేదు, అందరికీ పెట్టే ఉమ్మడి లేబుల్ ఉంది. కావలి ఆపేసింది. ప్రోగ్రాము చేసేది లేక, కరెంటు పోకముందు దాచుకున్న పాత అంకెనే తెర మీద పెట్టింది.

"ఏమైంది? మొహం అలా పెట్టావేం?"

"తప్పు నాదే అమ్మాయ్. ఆ రోజు ఈ ఫైలుకు లేబుల్ చేత్తో వేశాను. పనిచేసింది, వచ్చేశాను. ఇది డిస్కులో ఉండే ఫైలు కాదు. పెట్టె లేచినప్పుడల్లా లోపలి కెర్నల్, అంటే పెట్టెను నడిపించే మూల ప్రోగ్రాము, అప్పటికప్పుడు పుట్టిస్తుంది. చేత్తో వేసింది నీటిమీద రాత. నాకు తెలుసు. తెలిసీ, ఒక్కసారి కరెంటు తీసి చూడకుండా వచ్చేశాను."

"ఆసుపత్రిలో అందరి ముందు నీ పని గురించి ఎంత గొప్పగా చెప్పానో!" అంది ఆడపడుచు.

వర్క్‌షాపు మేనేజరు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. "అమ్మా, ఆ కావలిని ఆపేయండి. రెండు నిమిషాల పని. పెట్టె పట్టుకుని వెళ్తారు."

"ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా సార్? ఈ పెట్టె ఆసుపత్రి నెట్‌వర్క్ మీద ఉంది. ఎవడైనా దూరితే అలారం నోరు నొక్కేయకుండా ఆపేది ఈ కావలే."

"మరి ఐదింటికి అవుతుందా?"

"చెయ్యనిస్తే అవుతుంది."

ఆయన వెళ్ళిపోయాడు. పెద్దక్క నియమాల ఫైలులో ఒక లైను చేర్చింది: ఫలానా దారిలో, అంటే ఫలానా చిరునామాలో, పుట్టే ఫైలుకు పుట్టుకతోనే సెన్సార్ లేబుల్ ఇవ్వాలని. నియమాలు ఎక్కించి, కరెంటు తీసి పెట్టింది. పెట్టె లేచింది. లేబుల్ మళ్ళీ ఉమ్మడిదే.

మూడూ పది. అక్షరం అక్షరం సరిచూసింది. తప్పు లేదు. మళ్ళీ కరెంటు తీసి పెట్టింది. అదే ఉమ్మడి లేబుల్.

"వదినా, పోనీ ఎవరినైనా పిలుద్దామా?"

"పిలిస్తే వచ్చి మాట్లాడతారు. చేసేది నేనే కదా."

మాన్యువల్ తీసింది. పెన్సిలు చుక్క చెరగని చోటు ఒకటి కనబడింది. అడ్డదారుల గురించి రాసిన పేరా. అప్పుడు అవసరం లేదనుకుని వదిలేసింది. ఇప్పుడు వేలు పెట్టి రెండుసార్లు చదివింది. తను రాసిన దారి అసలు దారి కాదు, అడ్డదారి. సెన్సార్లన్నీ ఒక్కచోట కనబడేలా కెర్నల్ పెట్టిన గుర్తు అది. ఫైలు నిజంగా పుట్టేది దాని పరికరం ఉన్న ఫోల్డరులో. లేబుల్ పడేది ఆ చోటును బట్టే.

"అది నీ డ్యూటీ గది లాంటిది. నువ్వు అక్కడ కనబడతావు, కానీ కాపురం ఇంట్లో కదా. నేను ఉత్తరం డ్యూటీ గది చిరునామాకు రాశాను," అంది తెర మీంచి కళ్ళు తీయకుండా.

"నాకు ఉత్తరాలొద్దు, అలారం కావాలి."

అసలు దారి కనుక్కుంది. చివర్లో ఒక అంకె ఉంది. పెట్టె లేచే వరుసను బట్టి ఆ అంకె మారొచ్చు. అందుకని అంకెను వదిలి, దానికి ముందున్న మారని ఫోల్డరు దాకానే దారి తీసుకుంది. ఆ ఫోల్డరు కింద ఈ ఒక్క సెన్సార్ తప్ప ఇంకేమీ లేదని చూసుకున్నాకే లైను రాసింది. కరెంటు తీసి పెట్టింది. ఈసారి సెన్సార్ లేబుల్ వచ్చింది. చిట్టాలో కావలి ఆపిన లైను ఒక్కటీ లేదు.

ఆడపడుచు లేచి సంచీ భుజాన వేసుకుంది.

"కూర్చో. ఇంకోటుంది. చదవలేకపోతే పాత అంకె చూపించడమేంటి?" ప్రోగ్రాము తెరిచి అదీ మార్చింది. చదవలేకపోతే అంకె బదులు గీతలు రావాలి, అలారం మోగాలి. కావాలనే లేబుల్ చెడగొట్టి చూసింది. గీతలొచ్చాయి. పెట్టె చెవులు పగిలేలా మోగింది. తర్వాత పదిసార్లు కరెంటు తీసి పెట్టింది. తొమ్మిదోసారి ఆ అంకె నిజంగానే మారింది. లేబుల్ మారలేదు.

ఇద్దరూ ఆటో ఎక్కారు. సిగ్నల్ దగ్గర ఆడపడుచు మళ్ళీ గడియారం చూసింది. పెద్దక్క పెట్టెను ఒళ్ళో పట్టుకుంది.

బ్లడ్ బ్యాంకులో పెట్టె బిగించేసరికి నాలుగూ ముప్ఫైఐదు. పెద్దక్క ఎవరినీ అడగకుండా ఆ గది మెయిన్ స్విచ్ ఆపేసింది. "అయ్యో, ఏంటి వదినా!" అని ఆడపడుచు అరిచింది. పెద్దక్క ఇరవై లెక్కపెట్టి మళ్ళీ వేసింది. మోటారు లేచింది, పెట్టె లేచింది. తెర మీద నాలుగు. గాజు థర్మామీటరు మీదా నాలుగే. ఫ్రిజ్‌లోంచి సెన్సారును బయటికి తీసి పిడికిట్లో బిగించింది. ఐదు, ఆరు, ఏడు. అలారం మోగింది. వరండాలోంచి నర్సు పరుగున వచ్చింది.

"ఏం లేదు, పరీక్ష," అంది పెద్దక్క.

ఆడపడుచు ముప్ఫైరెండు సంచులూ ఒక్కొక్కటే ఫ్రిజ్‌లో సర్దింది. రిజిస్టరు తెచ్చి తెరిచింది. పెద్దక్క ఉదయం జరిగింది దాచకుండా రాసింది: బిగించినవారి పొరపాటు, కరెంటు తీసి పరీక్షించలేదు, ఇప్పుడు పరీక్షించబడింది. కింద సంతకం పెట్టి పెన్ను అందించింది.

ఆడపడుచు మొత్తం చదివింది. పక్కన తన సంతకం పెట్టి, టైము వేసింది: నాలుగూ యాభైరెండు.