చిన్న గొట్టానికి మూత

గడియారాలు బాగుచేసే ఆయన పందొమ్మిదేళ్ళు ఒక్క పని మానలేదు. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి దుకాణం మూసి, మేడెక్కి, టెలిస్కోపుతో సూర్యుడి బింబం తెల్లకాగితం మీద పడేలా చేసి, దానిమీది మచ్చలు గీసుకునేవాడు. "సూర్యుడి దగ్గర గుమాస్తాగిరీ, జీతం మాత్రం సున్నా," అని భార్య దెప్పేది. ఎనిమిది నెలల కిందట, ఆయన బొమ్మలు పంపే పరిశోధనశాల నుంచి రెండు ముక్కల జవాబొచ్చింది: ఉపగ్రహాలే ఫొటోలు తీస్తున్నాయి, ఇక శ్రమపడొద్దని. మనసు విరిగిపోయింది. ఆ తర్వాత మేడెక్కితే ఒట్టు.

ఈరోజు ఎక్కాడు, టెలిస్కోపు అమ్మేయడానికి. కొనుక్కునే టీచరమ్మ పక్కనే నిలబడింది, వెనకే భార్య కూడా వచ్చింది. ఎలా వాడాలో చూపిద్దామని, వదిలించుకుంటే చాలన్న విసుగులోనే గబగబా బిగించి, సూర్యుడి వైపు తిప్పి, కాగితం సర్దుతున్నాడు.

పెద్ద గొట్టం వీపున, గురి చూసుకునే చిన్న గొట్టం ఒకటుంటుంది. సూర్యుడి వైపు తిప్పేముందు దానికి మూత పెట్టితీరాలి. వినీ వినీ ఆ సంగతి భార్యకూ కంఠతా వచ్చేసింది. ఇవాళ ఆయన మరిచిపోయాడు.

"ఇందులోంచి చూడాలా బాబాయిగారూ?" అంటూ టీచరమ్మ వంగి, చిన్న గొట్టానికి కన్ను ఆనించబోయింది.

భార్య ఒక్క అంగలో వచ్చి అరచెయ్యి అడ్డం పెట్టింది. చుర్రుమంది.

ఆయన గబుక్కున ఇటు తిరిగాడు. "నీ కన్ను పోయేదమ్మా! నా చేతులారా నేనే పోగొట్టేవాణ్ణి," అన్నాడు. ఏడుపొకటే తక్కువ. మూత బిగించి, భార్య చెయ్యి మూలనున్న బకెట్ నీళ్ళలో ముంచి, పక్కనే కూలబడ్డాడు.

టీచరమ్మ బిక్కమొహంతో కాగితం వైపు తిరిగింది. "దీనిమీద ఈ మరకేంటండీ?"

"దుమ్ము," అన్నాడు తలెత్తకుండా. కానీ ఉండబట్టలేదు. లేచి, వెనకవైపు కటకాన్ని గుండ్రంగా తిప్పాడు. కటకం మీది దుమ్మైతే దాంతోపాటు తిరగాలి. మరక కదల్లేదు. సూర్యుడి అంచున, అప్పుడే ఇటు తిరిగొచ్చిన మచ్చల గుంపు! భూమి మొత్తం అందులో పట్టేస్తుంది. అటు చూస్తే మబ్బు తరుముకొస్తోంది. పెన్సిల్ కోసం జేబు తడిమి, భార్య చెయ్యి చూసి, సిగ్గుపడి ఆగిపోయాడు.

"నా చెయ్యి ఎక్కడికీ పోదు. ముందు గీయండి!" అని ఆవిడ కసిరింది.

చకచకా గీశాడు. చివరి మచ్చ పడీపడగానే కాగితం మీద వెలుగు ఆరిపోయింది.

"మరి... నాకు ఇస్తున్నట్టేనా?" టీచరమ్మ మెల్లగా అడిగింది.

ఆయనకు వినపడనేలేదు. భార్యే చెప్పింది. "ఇంకెక్కడి అమ్మకమమ్మా! ఆయన అప్పుడే రేపటి కాగితం మీద తేదీ వేస్తున్నారు, చూడు."