నాలుగో నంబరు రైఫిల్ సేఫ్టీ క్యాచ్

పోలీసు ఆయుధాగారంలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులను విప్పి, తుడిచి, బాగుచేసి మళ్ళీ బిగించే పనిలో, ఇరవై ఆరేళ్ళు గడిపిన నన్ను రిటైర్మెంటుకు రెండేళ్ళ ముందు, ఒక జూన్ నెలలో, పుదుచ్చేరి పట్టణంలోని ఒక ఇండోర్ స్టేడియానికి డెప్యుటేషన్ మీద పంపారు. అక్కడ పిల్లలకు నేర్పడం కోసం పది మీటర్ల ఎయిర్ రైఫిల్ రేంజ్ కొత్తగా కట్టారు. నా ర్యాంకు హెడ్ కానిస్టేబుల్. ఉత్తర్వులో మాత్రం 'రేంజ్ సేఫ్టీ ఆఫీసర్' అని రాశారు. అది చదివి నటేశన్ నగర్‌లోని మా ఇంట్లో అందరూ సంతోషించారు. స్టేడియంలో ఆ ఆఫీసర్ కుర్చీ ఎక్కడ వేయాలో ఎవరికీ తెలియలేదు. మొదటి వారమంతా బ్యాడ్మింటన్ నెట్లు దాచే గదిలో స్టూలు మీద కూర్చున్నాను.

రేంజ్ మీద అధికారం స్టేడియం మేనేజర్ భాస్కరన్ గారిది. మర్యాదస్తుడు, కష్టపడే మనిషి. ఒక్కటే చిక్కు. కాగితంలో ఉన్నది లోకంలోనూ ఉంటుందని ఆయన నిజంగా నమ్మేవారు. సరుకు తనిఖీ ఫారంలో 'సేఫ్టీ క్యాచ్: ఉంది / లేదు' అని ఒక గడి ఉండేది. మొదట వచ్చిన ఆరు రైఫిళ్ళూ పోటీలకు వాడే మేలురకం. వాటికి క్యాచ్, అంటే ట్రిగ్గర్ కదలకుండా ఆపే మీట, ఉండదు. పోటీ షూటర్ తుపాకి మూతిని టార్గెట్ వైపు నుంచి కదపడు, పేల్చే క్షణం దాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టడు కాబట్టి, తయారుచేసేవాళ్ళు దాని అవసరం లేదనుకున్నారు. ఈ సంగతి భాస్కరన్ గారికి వివరించాను. ఆయన ఓపిగ్గా విని, 'లేదు' దగ్గర టిక్కు పెట్టి, ఆరింటినీ వెనక్కి పంపేశారు.

తర్వాత వచ్చినవి నాసిరకం, కానీ అన్నిటికీ క్యాచ్ ఉంది. ఫారం సంతృప్తి చెందింది.

తెలియని పాఠకుల కోసం ఇక్కడ కొంచెం చెప్పాలి. ఈ రకం రైఫిల్‌లో బ్యారెల్‌ను కిందికి వంచితే లోపల బలమైన స్ప్రింగు బిగుస్తుంది. దాన్ని పట్టి ఉంచేది ఒక చిన్న ఉక్కు కొక్కెం. ట్రిగ్గర్ లాగితే కొక్కెం జారుతుంది, స్ప్రింగు ముందుకు దూకుతుంది, ఆ గాలి దెబ్బకు పెసరగింజంత సీసపు పెల్లెట్ బయటికి పోతుంది. మా రైఫిళ్ళలో సేఫ్టీ క్యాచ్ ఆపేది ట్రిగ్గర్‌ను మాత్రమే. కొక్కేన్ని అది పట్టుకోదు. కొక్కెం అంచు అరిగిపోతే క్యాచ్ చేయగలిగింది ఏమీ లేదు. లైసెన్సు అక్కర్లేదు గనుక జనం దీన్ని బొమ్మ అనుకుంటారు. దగ్గరి నుంచి కంటికి తగిలితే ఆ కన్ను ఇక పనికిరాదు.

అందుకని నేను గోడకు ఒక బోర్డు రాయించాను. మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. పేల్చే దాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి. ఎవరు చేతికిచ్చినా, ఖాళీయే అని చెప్పినా, ముందు బ్యారెల్ వంచి స్వయంగా చూసుకోవాలి. వాడనప్పుడు ఎర్ర నైలాను దారం బ్యారెల్ గొట్టం గుండా దూర్చి ఉంచాలి, దారం రెండు పక్కలా కనబడితే లోపల ఏమీ లేదని దూరం నుంచే తెలుస్తుంది. భాస్కరన్ గారు ఈ బోర్డు చూసి, చాలా పొడుగైందని, పిల్లలు చదవరని అన్నారు. వారం తిరిగేసరికి దాని స్థానంలో రంగుల ఫ్లెక్సు వచ్చింది. 'సేఫ్టీ క్యాచ్ వేయండి, నిశ్చింతగా ఉండండి' అని తమిళంలోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలు. పక్కన ఆయన ఫొటో, నిశ్చింతగానే ఉంది.

ఆ ఫ్లెక్సును లెక్కచేయని మనిషి ఒక్కతే, స్టేడియం ఊడ్చే సరోజమ్మ. నెల్లితోపు నుంచి టౌన్ బస్సులో వచ్చేది. ఇంట్లో మాలాగే తెలుగు మాట్లాడే కుటుంబం. రైఫిళ్ళు బల్ల మీద ఉంటే ఆమె వాటి ముందునుంచి నడిచేది కాదు. చీపురు పట్టుకుని, హాలంతా చుట్టి, వెనకనుంచి వచ్చేది.

ఒకరోజు భాస్కరన్ గారు నవ్వి, లాక్ వేసి ఉందమ్మా, భయమెందుకు అని తమిళంలో అన్నారు. ఆమె తల ఊపి, మళ్ళీ వెనకనుంచే వెళ్ళింది. ఆయన వెళ్ళిపోయాక నాతో అంది:

"లాకు ఏసుండాదని సారుకు తెలుసు. ఆ తుపాకికి తెలుసునా అన్నా?"

"దారం ఉంది గదక్కా, చూడు, ఖాళీనే" అన్నాను.

"దారం నువ్వు పెట్టినావు. రేపు ఇంకోడు తీస్తే? నా నడక నాకుంటే సరి. నాలుగడుగులు ఎక్కువ, అంతే గదా, ఏంది పోయేది."

ఆయుధాగారంలో ఇరవై ఆరేళ్ళు నేను చెప్పిన పాఠం ఇదే. ఇంత తక్కువ మాటల్లో ఎప్పుడూ చెప్పలేకపోయాను.

ఆగస్టులో నాలుగో నంబరు రైఫిల్‌లో తేడా కనిపెట్టాను. క్యాచ్ వేసి ఉన్నా ట్రిగ్గర్ వెంట్రుకవాసి కదులుతోంది. అలా రెండు మూడుసార్లు లాగితే నాసిరకం ఉక్కు కావడంతో అప్పుడే అరిగిన కొక్కెం చివరి అంచుకు జారి నిలబడుతుంది. ఆ తర్వాత క్యాచ్ తీసీతీయగానే, ట్రిగ్గర్ ముట్టుకోకపోయినా పేలుతుంది. ఖాళీ లేన్‌లో, టార్గెట్ వైపు పెట్టి మూడుసార్లు పరీక్షించాను. రెండుసార్లు పేలింది. రైఫిల్‌ను పక్కన పెట్టాలని రిజిస్టర్‌లో రాసి భాస్కరన్ గారికి పంపాను. జవాబు మూడో రోజు వచ్చింది: తనిఖీ ఫారం ప్రకారం ఈ రైఫిల్‌కు సేఫ్టీ క్యాచ్ ఉన్నది, కావున అభ్యంతరం పరిశీలనార్హం కాదు. ఫారంలో 'ఉందా' అన్న గడి మాత్రమే ఉంది. 'పనిచేస్తోందా' అన్న గడి లేదు.

ప్రారంభోత్సవం ఒక ఆదివారం ఉదయం పెట్టారు. తల్లిదండ్రులు, పిల్లలు, ఇద్దరు పత్రికల వాళ్ళు, కుర్చీలన్నీ నిండాయి. ఆరు లేన్లలో ఆరుగురు పెద్దలు ఒక్కసారి పేల్చాలని కార్యక్రమం. పెద్దమనుషులు బ్యారెల్ వంచలేక అవస్థపడితే ఫొటోలో బాగుండదని, ఆరు రైఫిళ్ళనూ ముందే బిగించి, పెల్లెట్లు వేసి, క్యాచ్ వేసి ఉంచమన్నారు. అది తప్పని నాకు తెలుసు. నాలుగో నంబరును బల్ల మీద పెట్టకూడదనీ తెలుసు. అయిదే ఉంటే ఖాళీ కనబడుతుందని భాస్కరన్ గారు మూడుసార్లు చెప్పారు. నేను మనసులో ఒక సర్దుబాటు చేసుకున్నాను. నాలుగో లేన్‌లో వచ్చే పెద్దమనిషికి బదులు నేనే నిలబడతాను, ఆ రైఫిల్ నేనే పేలుస్తాను అనుకున్నాను. పెల్లెట్ వేసి దాన్ని అక్కడ పెట్టాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

పెద్దలు రావడం ఆలస్యమైంది. సభను కూర్చోబెట్టడానికి భాస్కరన్ గారు మైకు పట్టుకుని లేన్ల దగ్గరికి వచ్చారు. కెమెరాలకు మధ్యలో ఉంటుందని నాలుగో లేన్ ఎంచుకున్నారు. నేను అప్పుడు ఒకటో లేన్‌లో ఇద్దరు పిల్లలను గీత వెనక్కి పంపుతున్నాను. తిరిగి చూసేసరికి రైఫిల్ ఆయన చంకలో ఉంది, మూతి సభ వైపు ఉంది.

భద్రతే మన రేంజ్ ప్రత్యేకత అని ఆయన చెబుతున్నారు. చూడండి, క్యాచ్ వేసి ఉంది, ట్రిగ్గర్ లాగుతున్నాను, ఏమీ కాదు అంటూ ఒకసారి లాగారు. మళ్ళీ లాగారు. జనం చప్పట్లు కొట్టారు. "సార్, మూతి టార్గెట్ వైపు!" అని అరుస్తూ పరుగెత్తాను. చప్పట్లలో నా గొంతు నాకే వినబడలేదు. మధ్యలో మూడు బల్లలు ఉన్నాయి.

సరోజమ్మ మొదటి వరస పక్కన టీ ట్రేతో నిలబడి ఉంది. ఆమె ముందు ఒక తల్లి మొబైల్ ఎత్తి వీడియో తీస్తోంది. సరోజమ్మ ఎవరి అనుమతీ అడగలేదు. ట్రే వదిలేసి, ఆ తల్లి భుజం పట్టి, "కూసో మ్మా, కూసో!" అని కిందికి లాగింది. గ్లాసులు నేలమీద పడి పగిలాయి. ఆ శబ్దానికి అటు చూస్తూనే భాస్కరన్ గారు, ఇప్పుడు క్యాచ్ తీస్తే, అన్నారు. తీశారు.

పెల్లెట్ ఆ తల్లి నిలబడిన చోటు మీదుగా పోయి వెనక గోడకున్న స్విచ్ బోర్డులో దిగింది. మెయిన్ ట్రిప్ అయింది. ఫ్యాన్లు ఆగాయి, మైకు ఆగింది.  హాలులో సరోజమ్మ గొంతు ఒక్కటే వినబడింది. "యాడన్నా తగిలిందా మ్మా? కండ్లు తెరువు, చూస్తాను."

ఎవరికీ ఏమీ కాలేదు. నేను రైఫిల్ అందుకుని, బ్యారెల్ వంచి, మిగిలిన అయిదింటిని ఒక్కొక్కటిగా టార్గెట్లలోకి పేల్చి ఖాళీ చేశాను.  కరెంటు సమస్య వల్ల కార్యక్రమం వాయిదా పడిందని సభకు ప్రకటించారు.

విచారణ మూడు వారాలు సాగింది. భాస్కరన్ గారి నివేదిక నకలు నా దగ్గర ఇప్పటికీ ఉంది. అందులో రైఫిల్ 'సేఫ్టీ క్యాచ్ ఉండి కూడా, ఎవరి ఆదేశమూ లేకుండా' పేలిందని రాశారు. చదివితే ఆ రైఫిల్ మీద క్రమశిక్షణ చర్య తీసుకోవాలనిపిస్తుంది. తీసుకున్నారు కూడా. దాన్ని గుడ్డలో చుట్టి, లక్క సీలు వేసి, బీరువాలో పెట్టారు. పగిలిన టీ గ్లాసులకు సరోజమ్మను వివరణ అడిగారు. ఆ తల్లి తన మొబైల్‌లో పడ్డ వీడియో పట్టుకుని స్వయంగా ఆఫీసుకు వచ్చాక, ఆ వివరణ అక్కర్లేదన్నారు.

నాకూ మెమో వచ్చింది. జవాబులో ఆగస్టు రిజిస్టర్ నకలు జతచేశాను. క్యాచ్ పనిచేయదని తెలిసిన రైఫిల్‌లో నా చేత్తోనే పెల్లెట్ వేశానని కూడా రాశాను. భాస్కరన్ గారు నన్ను పిలిచి, ఆ ఒక్క వాక్యం కొట్టేయమన్నారు. నా మేలు కోరే అన్నారు, అది నిజమే. అది తీసేస్తే తప్పంతా క్యాచ్ మీదికి పోతుందని, క్యాచ్‌కు సర్వీస్ రికార్డు లేదు కదా అని సర్దిచెప్పారు. నేను కొట్టేయలేదు. నా సర్వీస్ రికార్డులో మందలింపు నమోదైంది. నా ఉద్యోగం మొత్తంలో అదొక్కటే. ఆయనకు ఏమీ కాలేదు. తనిఖీ ఫారంలో మాత్రం 'పనిచేస్తోంది: అవును / కాదు' అని కొత్త గడి వచ్చింది. తర్వాతి తనిఖీలో బీరువాలో సీలు వేసి ఉన్న నాలుగో నంబరుకు కూడా 'అవును' అని టిక్కు పెట్టారు.

మిగిలిన ఏడాదిన్నర ఆ రేంజ్‌లోనే పనిచేశాను. కొత్తగా వచ్చిన పిల్లలకు మొదటి పది రోజులు క్యాచ్ సంగతి చెప్పేవాణ్ణి కాదు. అది లేదనుకుని రైఫిల్ పట్టుకోవడం అలవాటయ్యాకే, ఇక్కడ ఒక మీట ఉంది, వేసుకోండి, దాన్ని నమ్మకండి అని చెప్పేవాణ్ణి. ఇది పాత విషయమే, నాకు ముందునుంచీ తెలిసినదే.

ఈ ఘటన కొత్తగా నేర్పింది వేరు. ఆ రోజు హాలులో ప్రమాదం ఉందని కచ్చితంగా తెలిసినవాణ్ణి నేను ఒక్కణ్ణే. దానికి విరుగుడు కూడా ఆలోచించి పెట్టుకున్నాను, నోరు విప్పి చెప్పలేదు. రేంజ్‌లో పైకి చెప్పని జాగ్రత్త జాగ్రత్త కాదు. సరోజమ్మకు తుపాకుల గురించి ఏమీ తెలియదు. ఆమె అరిచింది, భుజం పట్టి లాగింది.