నడుమ టేబుల్

మా ఆవిడ పోయింది. పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, మారేడ్‌పల్లిలో మా ఇంట్లోనే. పూర్వ విద్యార్థుల పత్రికకు నాలుగు మాటలు రాసివ్వమని మీవాళ్లు అడిగారు. మీలో చాలామందికి ఆమె డేటాబేస్ పాఠం చెప్పింది. బోర్డు ముందు నిలబడ్డ మనిషి గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. వేళ్లు పొడిబారతాయని సుద్దముక్కకు కాగితం చుట్టుకునేదట. అది కూడా మొన్న మీలో ఒకరు చెబితేనే తెలిసింది. నేను ఆ తర్వాతి సంగతి రాస్తాను.

రిటైరైన కొద్దికాలానికే ఆమె కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ మొదలైంది. ఆసుపత్రికి నేను తోడు వెళ్లేవాణ్ణి. అక్కడ ఆమె కళ్లు యంత్రాల మీద కాదు, ఒంటరిగా వచ్చేవాళ్ల మీద ఉండేవి. రక్తమంతా గంటల తరబడి బయట తిరిగి వచ్చాక మనిషికి కాళ్లలో సత్తువ ఉండదు. వాళ్లు గోడ పట్టుకుని మెట్లు దిగి ఆటో వెతుక్కునేవాళ్లు. రాంగోపాల్‌పేట్ నుంచి వచ్చే ఒక ముసలి టైలర్ ఆ మెట్ల మీదే పడిపోయాడు. ఆ సాయంత్రం నుంచే ఆమె ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. మీలో కొందరు, మా వీధివాళ్లు, బొల్లారంలో ఉండే ఒక రిటైర్డ్ హవల్దార్, ఇలా తీరిక ఉన్నవాళ్లను తోడు వెళ్లడానికి పోగుచేసింది.

ఎవరికి ఎవరు తోడు అన్నది రాసిపెట్టే పని నాకిచ్చింది. రైల్వేలో లెక్కలు రాసినవాణ్ణి. కంప్యూటర్లో రోగి పేరు రాసి, పక్కన తోడు ఒకటి, తోడు రెండు, తోడు మూడు అని గళ్లు పెట్టాను. ఆమె మంచం మీద నుంచే చూసింది.

“ఏందండీ ఇది? నాలుగో మనిషొస్తే ఏడ కూసోబెడ్తరు?”

“మూడు చాలు గదా.”

“నాలుగో ఆయనకు ఆర్‌ఏసీ ఇస్తరా? రిటైరైనా మీ రైల్వే బుద్ధి పోలే.”

నవ్వింది. తర్వాత పాఠం చెప్పింది. మీకు చెప్పిందే. ఒక రోగికి చాలామంది తోడు రావచ్చు. ఒక మనిషి చాలామంది రోగులకు తోడు పోవచ్చు. అలాంటప్పుడు వీళ్లను వాళ్ల టేబుల్లో ఇరికించకూడదు, వాళ్లను వీళ్ల టేబుల్లో ఇరికించకూడదు. రోగులకొక టేబుల్, తోడువాళ్లకొక టేబుల్, రెంటి నడుమ మూడోది. ఈ రోగి, ఈ తోడు, ఈ రోజు అని అందులో ఒక వరుస. “రెండు టేబుళ్ల నడుమ గీత గీస్తే అయిపోదు, సంబంధానికి సుత ఒక ఇల్లుండాలె” అంది. క్లాసులో మీరూ ఈ మాట వినే ఉంటారు.

కొన్నాళ్లకు టైలర్ గారు ఆమెకు ఫోన్ చేశారు. స్పీకర్లో నేనూ విన్నాను.

“అమ్మా, హవల్దార్ సాబ్ మంచోడే. కానీ ఆయన నోరు బంద్ కాదు. ఫౌజు కథ సరిహద్దుల షురూ చేస్తే సికింద్రాబాద్ వచ్చేదాక ఆపడు. నా తలకాయ్ ఖరాబ్ అయితున్నది.”

నేను హవల్దార్ పేరు పక్కన ఒక గడి చేర్చి ‘మాటలెక్కువ’ అని రాశాను. మరుసటి వారం ఇంకో పేషెంటు, ఒక టీచరమ్మ, అదే హవల్దార్ మీద ఫిర్యాదు చేసింది. “ఆయన పటంలో దేవుని లెక్క కూసుంటడు మేడం. నాకే భయమైతది, జెర మాట్లాడమనరాదుండ్రి.”

మా ఆవిడ నా గడి చెరిపించింది. “మాటలు హవల్దార్‌వి కావండీ. ఆయనకూ టైలర్ సాబ్‌కూ నడుమ పుట్టినవి. నడుమ టేబుల్లనే రాయాలె.”

ఆ రోజు అది కంప్యూటర్ సంగతే అనుకున్నాను. నేను ఆఫీసులో రోజంతా మౌనంగా ఉండేవాణ్ణి. ఇంటికొచ్చిన మీకు కూడా కాఫీ అందించి లోపలికి పోయేవాణ్ణి. ఆమె దగ్గర మాత్రం వాగుడుకాయను. మీరు నమ్మరు. ఆ మాటలు నావే అనుకున్నాను. కావు. ఆమె పోయాక వెతికితే నాలో ఒక్కటీ లేదు.

పదోరోజు గడిచాక, ఆ టేబుళ్లతో మా ఆవిడ తయారుచేయించిన ప్రోగ్రాం చూసుకునే అమ్మాయి ఫోన్ చేసింది. ఆ అమ్మాయి కూడా మీ కాలేజీలో చదివినదే.

“సార్, బుధవారం పొద్దున మీరు మేడంతోని ఉన్నట్టే చూపిస్తున్నది. ఒక మనిషిని ఒకటే టైములో ఇద్దరికి ఇయ్యొద్దని మేడమే కండిషన్ పెట్టిండ్రు.”

“ఇప్పుడెవరికి కావాలి?”

“టైలర్ సాబ్‌కు. హవల్దార్ సార్ వస్తలేరు. చానామంది వస్తలేరు సార్. మేడం రోజూ ఫోన్ చేసి అడుగుతుండె. నేను మెసేజ్ పెడ్తున్న, చూసి ఊకుంటున్నరు. టైలర్ సాబ్ మళ్లా ఒక్కరే పోతున్నరు.”

“ఆమెతో వెళ్లిన రోజులు కూడా పోతాయా?” అని అడిగాను.

“పాతవి ముట్టుకోను సార్. వచ్చే బుధవారాలే తీస్తా.”

“తీసెయ్యమ్మా,” అన్నాను. తీసేసింది. ఒక్క క్షణం పని.

ఆ బుధవారం టైలర్ గారిని ఆటోలో తీసుకెళ్లాను. దారంతా ఇద్దరం రోడ్డు చూస్తూ కూర్చున్నాం. సూదులు గుచ్చి యంత్రం తిప్పాక ఆయనే అన్నారు.

“ఏమన్న చెప్పుండ్రి సాబ్.”

“నాకు మాట్లాడడం రాదండీ.”

“ఝూట్. అమ్మ పక్క మంచం మీదుంటుండె. పర్దా అవతల మీరు ఎన్ని ముచ్చట్లు చెప్తుండె! మీ ఆఫీసర్ టోపీ రైల్లకెల్లి ఎగిరిపోయింది చెప్పినప్పుడు నేను ఇవతల దుప్పటి నోట్లె పెట్టుకొని నవ్విన. నర్సమ్మ కోప్పడ్డది.”

ఆ టోపీ కథ మొదలుపెట్టాను. రైలు కాజీపేట దాటింది అన్నాను. తర్వాత ఏం జరిగిందో తెలుసు, ఏ మాట తర్వాత ఏ మాటో తెలుసు. నోరు పెగల్లేదు. ఆయన కాసేపు చూసి, “రహనే దో, ఉండనియ్యుండ్రి,” అన్నారు.

ప్రోగ్రాం బాగానే పనిచేస్తోంది. రోగుల టేబుల్ పెరుగుతోంది, తోడువాళ్ల టేబుల్లో ఉన్నవాళ్లు ఉన్నారు. నడుమే, నా బుధవారాలు తప్ప, కొత్త వరుసలు లేవు. ఇది ఎక్కువ రోజులు నడుస్తుందని నేననుకోను. మీరెవరైనా వస్తారని ఇది రాయడం లేదు. ఆమె ఏం కట్టిందో మీకు చెబుదామని రాస్తున్నాను. బుధవారాలు నేను టైలర్ గారితో వెళుతూనే ఉన్నాను. మాటలు లేవు. మెట్ల దగ్గర చేయి పట్టుకుంటాను, అంతే.

మొన్న ఆయన డయాలసిస్ మధ్యలో నిద్రపోయారు. సూదులున్న ఎడమచేయి కదలకుండా దిండు మీద ఉంది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిసి దుప్పటి మీద మెల్లగా పైకి లేస్తున్నాయి, దారం లాగినట్టు ఆగుతున్నాయి, మళ్లీ దిగుతున్నాయి. ఆయన నిద్రలో కుడుతున్నారు. వేళ్ల మధ్య సూది లేదు, కింద గుడ్డ లేదు. కుట్టు మాత్రం వంకర పోకుండా ముందుకు సాగుతోంది.