నందివర్ధనం ఎవరింటిది

"ఈ చెట్టు మా నాయిన పెట్టింది సార్," అన్నాడు షూటింగులకు పూలకుండీలు కిరాయికిచ్చే ఆయన. మా తోటల క్లబ్బు పాతికేళ్ల పండుగకు కుండీలు దింపడానికి వచ్చి, జూబ్లీ హిల్స్ పార్కులో ముద్ద నందివర్ధనం ముందు ఆగిపోయాడు. "ఆయన ఈ బంగళాలల్ల మాలీ. దీని తల్లి చెట్టు ఫిల్మ్‌నగర్ బస్తీల మా ఇంటి ముంగట ఉండె. ఈ మేడమే వచ్చి కొమ్మ అడిగిండ్రు. వేరు పట్టినంక మా నాయిన మోసుకొచ్చి గీడ నాటిండు. నేను గూడ ఎంట ఉన్న. యాదికుందా మేడమ్?"

నా పక్కనే ఉన్న మా అధ్యక్షురాలు కొంగు సర్దుకున్నారు. కుండీలు ఎక్కడ దింపాలో చూపించడానికి అటు నడిచారు.

ఆవిడ క్లబ్బు పెట్టినప్పుడు నేను పత్రికలో పనిచేసేవాణ్ణి. మొదటి మొక్కగా ఈ నందివర్ధనాన్ని పుట్టింటి పెరట్లోంచి తడిగుడ్డ చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చానని చెప్పారు. అమ్మ చేతి చెట్టన్నారు. రాసేశాను. మరొకర్ని అడగాలని కూడా తోచలేదు. అప్పట్నుంచి కొత్తగా చేరిన ప్రతివారికీ ఆ చెట్టు కొమ్మ ఇచ్చి, ఆ కథ చెప్పడం మా ఆనవాయితీ. మా మేడమీదా ఒకటుంది. ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆ బస్సు ప్రయాణం నేనే వర్ణించేవాణ్ణి.

ఆయన వెళ్తూ నన్ను పక్కకు పిలిచాడు. "మా కుండీలు హీరోల పక్కన నిలవడ్డయి సార్, మా నాయిన పేరే ఏడ రాలే. ఈ పండుగకు క్లబ్బు పుస్తకం ఏస్తుండ్రంట గద. అండ్ల ఆయన పేరొక్కటి ఎయ్యిండ్రి. మా అమ్మకు సదువురాదు గని, సూపెడితే సంబరపడ్తది."

ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్లి అడిగాను.

"అమ్మ పెరట్లోనూ నందివర్ధనం ఉండేది తమ్ముడూ. మరీ అంత అబద్ధమేం కాదు," అన్నారు, కాఫీ అందిస్తూ. "మాలీ ఇంటి ముందు మొక్కంటే ఆ రోజుల్లో ఈ పెద్దిళ్ల వాళ్లు ఎవరు చేరేవారు? అయినా, రాసింది నువ్వే కదా!"

ఆ చివరి మాటకు కాఫీ సహించలేదు. పాతికేళ్లు, అక్కా అని పిలుస్తూ ఆవిడ మాట నమ్మాను. ఇప్పుడది నా మాటైపోయింది.

పత్రికలో తప్పు పడితే మర్నాడు సవరణ వేసేవాళ్లం. ఇక్కడా అదే చేశాను. నేను కూర్చిన పుస్తకంలో ఆ బస్సు కథ ఉన్న మొదటి పేజీని ఆ మాలీ పేరుతో తిరగరాసి ఆవిడకు పంపాను. ఆవిడ సరేనంటేనే అచ్చుకు వెళ్లాలి.

ప్రెస్సు వాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు. మిగతా పేజీలన్నీ అచ్చయ్యాయి. మొదటి పేజీ ఇంకా ఆవిడ దగ్గరే ఉంది.